కోట కడవ

ఫరీన్ ఒక పాత కుండపెంకును తెచ్చి పోతులయ్య చేతిలో పెట్టింది. "ఇట్లాంటి మూతితో ఒక కడవ చేసిస్తావా తాతా?" అని అడిగింది.

పోతులయ్య కుండలు చేసే సారె ఆపి, చేతులు గోనెపట్టకు తుడుచుకుని, పెంకును వెలుగుకు పట్టి చూశాడు. అంచు వంపును బొటనవేలితో తడిమాడు. "మెడ సన్నగా ఉండాది. ఎవురు చేసినారో గాని చెయ్యి తిరిగినోడే. యాడ దొరికింది పాపా?"

"మీ ఊరి పాటిదిబ్బలోనే."

"అయితే మా కులపోడే," అని నవ్వాడు. "చేసిస్తాలే. నువ్వు అడగడమూ, నేను కాదనడమూనా."

ఆ ఊరు పెనుకొండకు దగ్గర్లోనే, ఎర్రమంచి దాటాక రోడ్డు వదిలి లోపలికి పోతే వస్తుంది. ఊరి వెనక, పాతకాలపు ఊరు పూడిపోయిన పాటిదిబ్బను ఫరీన్ గైడు ఆనంద్ సార్ బృందం కొన్నేళ్ల కింద తవ్వింది. ఆ తవ్వకంలో దొరికిన పెంకుల మీదే ఫరీన్ పీహెచ్‌డీ చేస్తోంది. జీవుల్లో పోలికలు తల్లి నుంచి పిల్లకు వచ్చినట్టే మనిషి చేసే వస్తువుల్లో పద్ధతులు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వస్తాయనీ, వచ్చేటప్పుడు కొంచెం కొంచెం మారతాయనీ, ఆ మార్పుల్లో కొన్ని నిలుస్తాయి, కొన్ని పోతాయనీ చెప్పే సిద్ధాంతం ఆమెది. నిలిచినవి ఎందుకు నిలిచాయన్నదే ఆమె ప్రశ్న.

దిబ్బ కింది పొరల్లో దొరికిన కడవలన్నీ వెడల్పు మూతివి. పైపొరల్లోకి వచ్చేసరికి ఒక్కటీ లేదు, అన్నీ సన్నమూతివే. "వాడుకకు మేలుగా ఉంది కాబట్టి నిలిచింది," అని ఆనంద్ సార్ అనేవాడు. ఫరీన్‌కు నమ్మకం కుదరలేదు. ఊళ్లో మాట చెల్లే కుమ్మరి ఒకడు అట్లా చేసి ఉంటాడు, అతన్ని చూసి మిగతావాళ్లూ చేసి ఉంటారు, వాడుకలో మంచిచెడ్డలు ఎవరూ చూసి ఉండరు అని ఆమె అనుమానం. చచ్చిపోయినవాళ్లను అడగలేం కదా. బతికున్న కుమ్మరుల్లో అట్లా జరుగుతుందేమో చూడాలనుకుంది.

అందుకే పోతులయ్య దగ్గరికి వచ్చింది. ఆ కుమ్మరి వీధిలో ఆయనే పెద్ద. కుండలు కాల్చే ఆము ఎవరిది వెలిగించాలన్నా మొదటి నిప్పు ఆయనే పెట్టాలి. పెళ్లి కుండలు ఆయన చేతి మీదుగానే పోతాయి. ఏడాదిగా వచ్చిపోతూ ఫరీన్ ఇదంతా చూసింది. ఆ ఇంట్లో రాగిముద్ద తింది. రంజాన్ నెలలో ఆమె ఉపవాసమని తెలిసి పోతులయ్య కోడలు హనుమంతమ్మ సాయంత్రానికి టిఫిన్ డబ్బా కట్టి ఇచ్చేది. హనుమంతమ్మ కొడుకూ కోడలూ ఫ్యాక్టరీలో షిఫ్టులకు పోతారు కాబట్టి వాళ్ల కూతురు సంగీతను ఆమే సాకుతుంది. నాలుగేళ్ల సంగీత ఫరీన్ స్కూటీ కనిపిస్తే చాలు, ఎక్కి ముందర నిలబడి హారన్ కొట్టందే దిగేది కాదు.

ఇంత దగ్గరైనా, కడవ ఎందుకు చేయమంటోందో ఫరీన్ పోతులయ్యకు చెప్పలేదు. చెబితే పరీక్ష చెడిపోతుంది. ఆనంద్ సార్‌కు కూడా చెప్పలేదు. చెబితే ఆయన వద్దంటాడు.

పోతులయ్యకు ఆ కడవ నచ్చింది. ఒకటి ఆమెకిచ్చి, ఇంకో రెండు చేసి వాకిట్లో పెట్టుకున్నాడు. ఉగాది నాటికి పక్కింటి జయచంద్ర చేశాడు. ఆ తర్వాత ఎదురింట్లో. వీధిలో వయసులో చిన్నవాడైన జయచంద్ర మెడ ఇంకొంచెం పొడుగు తీశాడు. ఎందుకప్పా పొడుగు తీసినావని ఫరీన్ అడిగితే, "పెద్దాయన కడవ అట్లనే ఉండె కదక్కా," అన్నాడు. ఉండలేదు. తన చేతిలో మారిందని అతనికే తెలియదు. పుస్తకాల్లో చదువుకున్నది కళ్లముందు జరుగుతుంటే ఫరీన్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎండలు ముదిరేసరికి పెనుకొండ సంతలో ఆ కడవలు కుప్పలుగా కనిపించాయి. అమ్మేవాళ్లు వాటికి 'కోట కడవ' అని పేరు పెట్టారు. "రాయలు కోటలో నీళ్లు తాగిన కడవమ్మా ఇది, మన్నులో దొరికింది చూసి చేసినాం," అని ఒకామె గట్టిగా చెబుతోంది. అది నిజం కాదని ఫరీన్‌కు తెలుసు. పెంకు కోటలో దొరకలేదు, రాయల కాలానిదీ కాదు. పుకారు కూడా వ్యాప్తిలో భాగమే కదా అనుకుని నోరు మెదపలేదు. ఇంకో వారానికి ధర్మవరంలో రైల్వే స్టేషన్ దారిలో, చీరల అంగళ్ల ముందర అవే కడవలు చూసింది. పోతులయ్య వీధిలో వెడల్పు మూతి కడవ చేసేవాళ్లు దాదాపు లేకుండా పోయారు.

తనకిచ్చిన మొదటి కడవను ఫరీన్ హిందూపురంలో వాళ్లింట్లో పెట్టింది. వాళ్ల నాయన ఇమాం మిక్సీలు, కుక్కర్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. అమ్మ గుల్షన్ ఇల్లు చూసుకుంటుంది. మే నెలలో ఒకరోజు గుల్షన్ ఆ కడవను పెరట్లో బోర్లించి పెట్టింది.

"ఏమ్మా, నీళ్లు పట్టలేదా?"

"నాకొద్దు తల్లీ ఈ కడవ. చూసేదానికి బాగుండాది గాని లోపలికి చెయ్యి పోదు. అడుగున జిగటజిగటగా పట్టింది. పీచేసి రుద్దుదామంటే ఎట్ల రుద్దేది? ఊరికే నీళ్లు పోసి ఆడిస్తే అది పోతుందా?"

ఫరీన్ కడవను ఎత్తి లోపలికి చూసింది. చీకటిగా ఉంది. చెయ్యి పెట్టబోతే పిడికిలి దగ్గరే ఆగిపోయింది. వేళ్లకు తగిలినంత మేర జారుడుగా ఉంది.

అప్పుడే పోయి పోతులయ్యకు చెప్పి ఉండాల్సింది. స్కూటీ మీద గంట ప్రయాణం. పోలేదు. చెబితే ఆయన ఆపేస్తాడు. ఆయన ఆపితే వీధి ఆగుతుంది. ఎండాకాలం అమ్మకాలు అయిపోయేదాకా చూస్తే, కడవ ఎట్లా వ్యాపించిందో చూపే గ్రాఫు పూర్తవుతుంది. ఆ తర్వాత చెబుదాం, ఈలోగా ఏమవుతుంది అనుకుంది. అమ్మ కడవను బోర్లించే ఉంచింది. ఫరీన్ దాని పక్కనుంచి రోజూ నడిచింది.

జూన్‌లో సెలవులయ్యాక ఊళ్లో అంగన్‌వాడీ తెరిచారు. పిల్లలు చల్లటి నీళ్లు తాగుతారని పోతులయ్య ఎండాకాలానికి ముందే అక్కడికి ఒక కోట కడవ ఇచ్చి ఉన్నాడు. అక్కడ ఆయాగా చేసేది అదే వీధి మనిషి యల్లక్క. సెలవుల్లో మూలన పడి ఉన్న కడవను ఆమె బయటికి తీసి, నీళ్లు పోసి కడిగి, నింపింది.

కొన్నాళ్లకు పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. చాలామంది రెండు రోజుల్లో తేరుకున్నారు. సంగీత తేరుకోలేదు. జయచంద్ర ఫోన్ చేసి ఫరీన్‌కు చెప్పాడు. "హిందూపురం పెద్దాసుపత్రికి పంపించినాం అక్కా. నువ్వు ఆడనే ఉండావు కదా, పోయి చూడు. హనుమంతక్క ఒక్కతే ఉండాది."

ఫరీన్ వెళ్లేసరికి పాప కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఒంట్లో నీళ్లు బాగా తగ్గిపోయి మూత్రపిండాలు దెబ్బతిన్నాయనీ, అనంతపురం తీసుకుపోవాలనీ డాక్టరమ్మ చెబుతోంది. హనుమంతమ్మకు ఆ మాటల్లో సగం అర్థం కాలేదు. ఫరీన్ చెయ్యి పట్టుకుని, "నువ్వు చదువుకున్నదానివి పాపా, ఆయమ్మ ఏమంటాందో నాకు చెప్పు," అంది.

చెప్పింది. ఆ తర్వాత డాక్టరమ్మను వరండాలో పట్టుకుని, నీళ్లు నిలవ ఉంచిన కడవ వల్ల ఇట్లా అవుతుందా అని అడిగింది.

"కావచ్చు. కాకపోనూ వచ్చు. ట్యాంకు నీళ్లు కావచ్చు, అంగన్‌వాడీలో పెట్టే గుడ్లు కావచ్చు. ఏ కడవ?"

"సన్నమూతిది."

"సన్నమూతి మంచిదే కదా. చేతులు ముంచరు. కాకపోతే కడగాలి. కడగకుంటే ఏ కడవైనా ఒకటే."

సన్నమూతి మంచిదే. ఫరీన్ ఆ మాటను ఇంటిదాకా మోసుకుపోయింది. రాత్రంతా దాన్నే పట్టుకుని పడుకుంది. పొద్దున లేచేసరికి ఆ మాట పక్కనే ఇంకో మాట కూర్చుని ఉంది, కాకపోతే కడగాలి.

సంగీతను అనంతపురం తీసుకుపోయారు. ఊళ్లోకి అంగన్‌వాడీల పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు. అంగన్‌వాడీ కడవను పగలగొట్టించి చూస్తే లోపల పచ్చటి పాచి మందంగా పట్టి ఉంది. కడవ కడగలేదని యల్లక్కను పని నుంచి నిలిపేశాడు. లోపలికి చెయ్యి పోలేదు సారూ అని యల్లక్క ఎంత చెప్పినా, వంక చెప్పొద్దన్నాడు. వీధిలో కూడా ఆమెనే అన్నారు. పిల్లలున్న తల్లులు ఆమె ఇంటి ముందర నిలబడి తిట్టిపోయారు.

ఇదంతా జయచంద్ర ఫోన్‌లో చెబుతుంటే ఫరీన్ యూనివర్సిటీ మెట్ల మీద కూర్చుని వింది. ఫోన్ పెట్టేశాక లేచి ఆనంద్ సార్ గదికి పోయింది. ఆమె అంతకుముందు పంపిన గ్రాఫు ఆయన కంప్యూటర్ మీద తెరిచి ఉంది.

"రా ఫరీన్. ఇది చూసినప్పటి నుంచి సంతోషంగా ఉంది నాకు. ఒక కొత్త రూపం పుట్టి, పాతదాన్ని తోసేయడం మొదటి నుంచి చివరిదాకా ఎవరికి దొరుకుతుంది చెప్పు? నీ అదృష్టం, సరిగ్గా నువ్వున్నప్పుడే మొదలైంది."

"నేనున్నప్పుడు కాదు సార్. నేనే మొదలుపెట్టినాను."

ఆయనకు మొదట అర్థం కాలేదు. పెంకు సంగతి, పోతులయ్య సంగతి, అమ్మ చెప్పిన మాట, అంగన్‌వాడీ, అన్నీ చెప్పింది. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"కడవ వల్లేనని ఎవరూ తేల్చలేదు కదా."

"తేల్చలేదు సార్. తేల్చలేరు కూడా. కానీ కడగడానికి రాదని మే నెలలోనే నాకు తెలుసు. యల్లక్కకు తెలీదు, పోతులయ్య తాతకు తెలీదు. నాకు తెలుసు."

ఆయన కంప్యూటర్ మీది గ్రాఫును మూసేశాడు. "మనుషుల మీద పరీక్ష చేసేటప్పుడు వాళ్ల ఒప్పుకోలు తీసుకోవాలని నేను నీకు చెప్పలేదా?"

"చెప్పినారు."

"ఈ అధ్యాయం నిలవదు. తీసేయాలి. పరిశోధన కమిటీకి నేను రాయాలి, నువ్వూ రాయాలి. ఏమవుతుందో నాకు తెలీదు." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ముందు ఊరికి పో."

ఆమె మరుసటి రోజు ఊరికి పోయింది. నేరుగా యల్లక్క ఇంటికి వెళ్లి, జరిగింది చెప్పింది. యల్లక్క బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది, ఏరడం ఆపలేదు.

"అయితే నువ్వొచ్చి ఆ సారుకు చెప్తావా?"

"చెప్తా. ఇప్పుడే పోదాం రా అక్కా."

"ఇప్పుడు కాదు. ముందు పెద్దాయనకు చెప్పు. వీధి వినాల."

పోతులయ్య సారె ముందర లేడు. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. సంగీత ఆసుపత్రికి పోయినప్పటి నుంచి ఆయన మట్టి ముట్టలేదని జయచంద్ర చెప్పి ఉన్నాడు. ఫరీన్ ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుంది. ఇరుగుపొరుగు వాళ్లు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఆమె మొదటి నుంచి చెప్పింది. సిద్ధాంతం పేరు ఎత్తలేదు. వీధిలో ఒకరు మారిస్తే మిగతావాళ్లు మారుస్తారా అని చూడాలనుకున్నాననీ, అందుకే ఆ పెంకు తెచ్చాననీ, లోపలికి చెయ్యి పోదని తెలిసి కూడా ఊరుకున్నాననీ చెప్పింది.

"నువ్వు మంచి కోరి అడిగినావు అనుకున్యా," అన్నాడు పోతులయ్య.

"చెడు కోరలేదు తాతా."

"మంచి కూడా కోరలేదు కదమ్మా. చూద్దామని అడిగినావు." చుట్టూ నిలబడ్డవాళ్లను చూపించాడు. "ఈ వీధిలో ఇంతమంది ఉండాము. జయచంద్రను అడగొచ్చు. నన్ను గాక ఇంకెవర్నన్నా అడగొచ్చు. నా దగ్గరికే ఎందుకొచ్చినావు?"

జవాబు ఆయనే చెప్పాడు.

"నన్ను చూసి చేస్తారని కదా. వీళ్లు నా మీద పెట్టుకున్న నమ్మకం ఏమాత్రం ఉండాదో చూసుకున్యావు. అది నాది కాదమ్మా, వీళ్లది. నాకు తెలీకుండా దాన్ని వాడినావు." ఆయన గొంతు పెంచలేదు. "ఆ కడవ నా చేత్తో చేసి, నా చేత్తో మోసకపోయి పిల్లోళ్లకు పెట్టొచ్చినా. పాపకు నేనే పెట్టినట్ల ఐతుంది గదా."

"కాదు తాతా. అది నేను పెట్టిందే."

"నీ వంతు నువ్వు తీసుకో. నాది యాడికి పోతుంది?"

నిలబడ్డవాళ్లు తిట్టి ఉంటే ఫరీన్‌కు తేలికగా ఉండేది. ఒక ముసలామె మాత్రం యల్లక్క వైపు తిరిగి, "నిన్ను ఉత్తపుణ్యానికి తిడితినే," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ వారంలో ఫరీన్, యల్లక్క కలిసి పై ఆఫీసుకు పోయారు. ఫరీన్ తన ఇంట్లోని కోట కడవను, ఒక స్కేలును తీసుకుపోయి, చెయ్యి ఎక్కడ ఆగుతుందో ఆ అధికారి చేతినే పెట్టించి చూపింది. జరిగింది రాసి సంతకం పెట్టి ఇచ్చింది. కొంతకాలం తిప్పుకుని యల్లక్కను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. యల్లక్క ఆమెకు కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు. దారిలో కనిపిస్తే తల ఊపుతుంది, అంతే.

పోతులయ్య తన వాకిట్లో ఉన్న కోట కడవలన్నీ పగలగొట్టాడు. మళ్లీ సారె ఎక్కి వెడల్పు మూతి కడవలు చేయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు వీధి ఆయన్ను చూసి మారుతుందని ఫరీన్ ఆశపడింది. మారలేదు. సంతలో జనం కోట కడవే అడుగుతున్నారు, పాతది ఎత్తి చూసేవాళ్లు లేరు. "పెద్దాయన చెప్పింది నిజమే అక్కా, కాదనను," అన్నాడు జయచంద్ర ఇబ్బందిగా. "నేను రెండు రకాలూ పెట్టినా. ఒకటే పోతాంది."

ఫరీన్ సంతకు పోయి కూర్చుంది. కడవ కొనడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పింది. లోపలికి చెయ్యి పోదు, అడుగున పాచి పడుతుంది, ఇది కోటలోది కాదు. అమ్మేవాళ్లు కొందరు విసుక్కున్నారు, కొందరు ఊరుకున్నారు. కొత్తచెరువు నుంచి వచ్చిన ఒకామె అంతా విని, కడవను భుజానికెత్తుకుని, "మా పక్కింటామె తెచ్చుకునిందమ్మా, చూడ ముచ్చటగా ఉండాది," అంటూ వెళ్లిపోయింది. తను ఏ గ్రాఫు గీయాలనుకుందో అది ఇప్పుడు తను లేకుండానే సాగుతోంది.

ఇంటికొచ్చి ఆ రోజు ఆమె పాటిదిబ్బ పెంకులను ముందర పరుచుకుంది. పైపొరల్లో అన్నీ సన్నమూతివే. ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో లెక్కగట్టడం తనకు తెలుసు. అప్పుడు ఏ ఇంట్లో ఏ పిల్ల కళ్లు లోపలికి పోయాయో పెంకు మీద ఉండదు. ఇన్నాళ్లూ అది తన ప్రశ్నే కాదనుకుంది. పెంకులను మళ్లీ సంచుల్లో కట్టి లోపల పెట్టేసింది.

కమిటీ ఆమె ఫెలోషిప్‌ను ఏడాదిపాటు నిలిపేసింది. ఆ అధ్యాయాన్ని తీసేశారు. ఆనంద్ సార్ ఆమెను వదిలేయలేదు గాని, ఊరి పని ఇకమీదట ఇంకొకరు చేస్తారన్నాడు. ఆమె ఒప్పుకుంది. సిద్ధాంత గ్రంథంలో ఈ ఊరి గురించి ఒక్క పేరా రాసింది. ఇక్కడ ఆ రూపం దానంతట అది రాలేదు, నేను తెచ్చిపెట్టాను, దాని వల్ల కలిగిన నష్టాన్ని నేను కొలవలేను అని. వాక్యం పొడిగా ఉందని ఎన్నిసార్లు దిద్దినా, అంతకంటే బాగా రాయడం చేతకాలేదు.

వానాకాలం పోయేటప్పటికి వీధిలో కడవ మళ్లీ మారింది. జయచంద్ర అంచు వంపును అట్లాగే ఉంచి, మెడను చెయ్యి పట్టేంత వెడల్పు చేశాడు. తన భార్య పోరుపెట్టింది కాబట్టి చేశానని చెప్పాడు. కొందరు అదీ చేస్తున్నారు, కొందరు పాత కోట కడవే చేస్తున్నారు. ఫోన్‌లో అతను పంపిన ఫోటో చూసి ఫరీన్ సంతోషించడానికి ప్రయత్నించింది. సంతోషం రాలేదు. తప్పు తనది, దిద్దింది వేరేవాళ్లు.

సంగీత బతికింది. అయితే ఇంకా మందులు మింగాలి, నెలనెలా హిందూపురం ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించాలి. పరీక్ష ఉన్న రోజు ఫరీన్ బస్టాండుకు పోయి నిలబడుతుంది. మొదటిసారి హనుమంతమ్మ ఆమెను చూసి కూడా చూడనట్టు ఆటో ఎక్కి పోయింది. రెండోసారీ అంతే. ఫరీన్ ఆటో వెనకే స్కూటీ మీద వెళ్లి ఆసుపత్రి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ పిలవలేదు.

కార్తీకంలో పరీక్ష ఉన్న రోజు జనం విపరీతంగా ఉన్నారు. చీటీల దగ్గర వరస గేటుదాకా వచ్చింది. పాప నిలబడలేక అవ్వ భుజం మీద వాలిపోయింది. హనుమంతమ్మ వరసనూ పాపనూ చూసుకుని, చివరికి గేటు దగ్గరికి వచ్చింది.

"పట్టుకో. చీటీ తీసుకొస్తా," అంది. ముఖం చూడలేదు.

ఫరీన్ చేతులు చాచింది. పాప ఇదివరకటి కంటే తేలికగా ఉంది. సూది గుచ్చే చేతిని పొట్టకు ఆనించి పెట్టుకుని, "ఈ పొద్దు గూడా సూదేస్తారా?" అని అడిగింది.

"వేస్తారు."

"నొస్తాది."

"నొస్తాది," అంది ఫరీన్. ఎండ పాప ముఖం మీద పడకుండా గోడ నీడలోకి జరిగి, హనుమంతమ్మ వచ్చేదాకా అట్లాగే ఎత్తుకుని నిలబడింది.